వంతెనకు పెళ్లిచూపులు

మార్చి 24, మంగళవారం
సముద్రపు పాయ మీద చెక్క వంతెన తనిఖీ. నేను వస్తున్నానని తెలిసి పల్లెవాళ్లు గుంజలన్నిటికీ కొత్త తారు పూసి పెట్టారు. మర్యాదట! "మేడం వస్తన్నారని అందరం కూడి పూసినాం" — పాస్టర్ గారు మురిసిపోతూ. పగులు కనపడదు, పుచ్చు కనపడదు. కొట్టి వినబోతే సుత్తి తారుకి అంటుకుంటుంది. చీరంతా నలుపు. ఒళ్లు మండిపోయింది.

మార్చి 25
ఫొటోలు చూసి మా పై ఇంజనీరు డీఈ గారు — "నిగనిగలాడతా ఉంది గదమ్మా, ఇంకేంది?"
ఛీ. ముందే కబురు పెట్టడం, వాళ్లు ముస్తాబు చేయడం, మనం కొబ్బరినీళ్లు తాగి చూసి రావడం... తనిఖీ కాదు, పెళ్లిచూపులు.

మార్చి 27, శుక్రవారం
ఈసారి చెప్పకుండా, పోటు తగ్గి నీళ్లు తీసిన వేళ వెళ్లాను. మోకాళ్ల దాకా బురద. తారు అందని చోట కొట్టాను. ఖంగుమనాలి — డొల్లగా మోగింది. చెక్క తొలిచే బర్మా పెట్టి తిప్పాను. పైపైన గట్టి, ఆ తర్వాత చేతికి అడ్డే తగల్లేదు. పొట్టుతో పాటు తెల్లటి చిన్న గుల్లలు రాలాయి. చెక్కను లోపలినుంచి తినేసే ఉప్పునీటి పురుగు. నడిమి గుంజలు లోపల లేనే లేవు.

మార్చి 28
డీఈ గారు — "బొక్కలెయ్యమని ఎవురు చెప్పినారు? చూసి రాయమన్నారు. చూసినావు, రాయి."
వంతెన మూసేద్దామంటే — "ఈస్టర్ అయినాక చూద్దాం."
చూద్దామట! ఈ మాట వింటేనే వాంతి వస్తోంది.

మార్చి 29, మట్టల ఆదివారం
ఈస్టర్ తెల్లవారుజామున ఊరంతా డప్పులతో ఒక్కసారే వంతెన దాటి సముద్రపు ఒడ్డున ఆరాధనకు పోతుంది. పాస్టర్ గారికి గుల్లలు చూపించాను. ఆయన ముఖం చిన్నబోయింది. "ఇంత తారు పూసినాక గూడానా అమ్మా?"


ఏప్రిల్ 2
ఈస్టర్‌కు పడవల్లో పొమ్మని పాస్టర్ గారికి చెప్పాను. "ముసిలోళ్లు పడవెక్కలేరమ్మా... చూద్దాం లే."
ఈయన కూడా.

ఏప్రిల్ 4, శనివారం
ఎవరినీ అడగలేదు. వంతెనకు అడ్డంగా తాడు కట్టి, 'ప్రమాదం, ఎక్కరాదు' అని ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టి వచ్చాను. డీఈ గారి ఫోన్ మోగుతూనే ఉంది. మోగనీ.

ఏప్రిల్ 5, ఈస్టర్
ఇంకా తెల్లవారలేదు. వంతెన మొదట్లో కూర్చుని ఫోన్ వెలుతురులో రాస్తున్నాను. తాడు విప్పి ఉంది. బోర్డు అక్కడే ఉంది — దానికీ నిండా తారు పూశారు. ఒక్క అక్షరం కనపడదు. చేత్తో తుడిస్తే ఇంకా పచ్చిగా ఉంది. ఈ పేజీ కూడా నలుపైంది.
డప్పులు దగ్గరికి వస్తున్నాయి. లేవను. నన్ను దాటి పోవాలి కదా...