కిటికీలకెల్లి దస్తీ

భీంరావు బావా,

నువ్విచ్చిన నవల వాపస్ పంపుతున్న. ఏం హీరో బావా వాడు! కత్తి ఎత్తితే మంజీర అసొంటి నది ఆగుతదట, రాక్షసులు ఉరుకుతరట. మనసువడ్డ పిల్ల ముంగట నిలవడితే మాత్రం నోరు పెగలదు. సగం పుస్తకం అయినంక ఒక్కపారి చెయ్యి పట్టుకుంటడు, అదీ ఆమె వాగుల కొట్టుకపోతుంటే. థూ! నాకు నచ్చిందని మురువకు. కూర మాడబెట్టి ఆఖరుదాక చదివింది, వాని చేతగానితనం ఎందాక పోతదో సూద్దామని.

నువ్వు వానికన్న అధ్వానం. ఆడోళ్ళకు ఫ్రీ అయినకాంచి మన బీర్కూర్ బస్సుల నిలవడ జాగ లేదు. రోజూ బస్సు ఆగకముందే కిటికీలకెల్లి దస్తీ ఏసి నాకు సీటు ఆపుతవు. నేను ఎక్కంగనే దస్తీ తీస్కొని, ఒక్క మాట లేకుంట ఎనక డోర్ కాడికి పోయి నిలవడుతవు. ఏం మొగోనివి?

ఆదివారం నన్ను సూడనీకి జుక్కల్ నుంచి సంబంధమోళ్ళు వస్తుండ్రు. మా అమ్మ అప్పుడే లడ్డూలు చుడుతుంది.

రేపు దస్తీ నేనేస్త, ఇద్దరు కూసునే సీటు మీద. వచ్చి పక్కన కూసో. బాన్సువాడ బస్టాండ్ వచ్చేదాక నీకు టైం. గప్పటికీ నోరు పెగలకుంటే, ఆదివారం మా ఇంటికొచ్చి జుక్కలోళ్ళకు చాయ్ నువ్వే అందియ్యి.

ఇప్పటికైతే,
నీ మరదలు