సీసాలో కొల్లేటి నీళ్ళు

అమ్మాయీ,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్ళు. నీ కూతురిప్పుడు ఐదో తరగతి. కొల్లేరు మంచినీటి సరస్సని బడిలో చెబితే, వేసవిలో ఉప్పగా ఉంటుందంటూ సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళి, "తాగి చూడండి టీచర్" అందట. నువ్వయితే ముందు నువ్వే తాగేదానివి.

ఏలూరులో దాని బడికి రమ్మని నాకు కబురొచ్చింది. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, బడి మెట్టెక్కడం అదే మొదలు. "పిల్లకి తెలివి ఎక్కువైందండీ, కాస్త తగ్గించుకోమనండి" అన్నారు హెడ్మాస్టరు గారు. దేంతో తగ్గిస్తారో అడగలేకపోయాను. గేటు దాటగానే, "పుస్తకంలో ఉన్నదే రాసెయ్యమ్మా" అని దానికి చెప్పింది నేనే.

ఇవాళ పరీక్షలో దానికి పాతికకి పాతిక మార్కులొచ్చాయి. సాయంత్రం సరస్సు ఒడ్డున దోసెడు నీళ్ళు దాని నోటికందించి, "ఉప్పగా ఉన్నాయా తల్లీ?" అన్నాను.

అది తాగి, నా మొహంలోకి చూసింది.

"పరీక్షలో అడిగితేనా తాతయ్యా, ఊరికే అడిగితేనా?"