పురుగు పాఠం

బుల్లమ్మా,

మీ అన్న ఎడ్విన్ చనిపోయే ముందు మొదలుపెట్టిన కంప్యూటర్ పాఠం నువ్వు పూర్తిచేసి పంపావు కదా. మన పలాస చర్చిలో, జీడిపప్పు ఏరే ఆడపిల్లలకు దాన్ని ఇచ్చాం. నేనూ వెనక బల్ల మీద కూర్చున్నాను.

ప్రోగ్రాములో తప్పుకి పురుగు అని పేరుపెట్టి, పురుగు కనబడితే తీసెయ్యమని రాశారు. తెర మీద తప్పు అని రాగానే ఆ పిల్లల్లో అనూష తను కొట్టిందంతా చెరిపేసింది.

"అంతా తుడిపేసినావేటే?" అన్నాను.

"పురుగు పట్టిన పప్పు పారేత్తాం గానీ బాగుసేత్తామేటి పిన్నీ?" అంది.

అందరూ ఒకటే నవ్వు. మీ అన్న ఉంటే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వేవాడు. వాడి బదులు నేను నవ్వాను.

అందుకని ఆ ముక్క మార్చమ్మా. తప్పున్న వరస ఒక్కటే దిద్దాలి, మిగతాదంతా బాగానే ఉంది, అలాగే ఉంచాలి అని రాయి.

అన్న లేకుండా ఇక రాయలేను, ఈ పాఠాల పుస్తకమంతా చెరిపేస్తాను అన్నావు. నువ్వూ అనూషలాగే చేస్తే ఎలా తల్లీ? వీళ్లు అప్పుడే "రెండో పాఠం ఎప్పుడొత్తాది" అని నా ప్రాణం తీస్తున్నారు. రాసి పంపు.

వేళకి కడుపునిండా అన్నం తిను.

మీ అమ్మ