సగం తీగ

డిగ్నాబాద్,
అక్టోబరు 14.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి కామమ్మకు అప్పలరాముడు రాయునది. ఆశీర్వదించి రాయాలి. నీ ఉత్తరం చదివాక ఆశీర్వదించే ముఖం లేక ఆ మాట వదిలేశాను. ఇక్కడ నేనూ చిట్టితల్లీ క్షేమం. భావనపాడులో మీ అమ్మ, అన్నయ్య బాగున్నారని తలుస్తాను. నీ కాలిన చెయ్యి ఇంకా పూర్తిగా ముడవలేకపోతున్నావని రాశావు. అక్షరాలన్నీ వంకరపోయాయి. ఫోనులో నా గొంతు వినలేక ఆ చేత్తోనే రెండు పేజీలు రాశావంటే నీ కోపం ఎంతో అర్థమైంది.

నువ్వు అడిగినవి చెబుతాను. చిట్టితల్లి టిఫిన్ డబ్బా ఖాళీ చేసే తెస్తోంది. జడ మాత్రం నా చేత వేయించుకోదు. వంటింటి రేకు చిల్లు పూడ్చాను, మళ్లీ కారుతోంది. చేపలు బాగానే పడుతున్నాయి. ఎండబెట్టే దిక్కులేక పచ్చివే అమ్మేస్తున్నాం.

ఇక చివర్లో రాసిన ప్రశ్న. "షెడ్డు అంటుకున్న రోజు మిషన్‌లో నేను ట్రేలు ఎక్కువ పెట్టానా? నిజం చెప్పు" అన్నావు. ఎక్కువ పెట్టలేదు. భోజనానికి వెళ్లి తప్పూ చెయ్యలేదు. మిషన్ ఆన్‌లో పెట్టి అందరూ వెళ్లేవాళ్లే.

జూన్‌లో మీ మహిళా సంఘం వాళ్ల చేపలు ఎండబెట్టే మిషన్‌లో హీటరు తీగ తెగింది కదా. కొత్తది చెన్నై నుంచి రావాలి, సముద్రం బాగోలేక షిప్ ఆగిపోయింది. వానకు చేపలు కుళ్లిపోతున్నాయి. ఈ దీవిలో ఏది పాడైనా షిప్ వచ్చేదాకా అతుకులతో నడిపేవాళ్లం. డింగీ పడవల ఇంజన్లు విప్పి బిగించేవాడికి ఈ తీగ ఒక లెక్కా అనుకున్నాను. ఉప్పుగాలికి సగం తీగ పెళుసై, ముట్టుకుంటే విరుగుతోంది. ఆ సగం కోసేసి మిగతా సగం చుట్లను సాగదీసి బిగించాను. తీగ సగమే ఉంది కనుక వేడీ సగమే వస్తుంది, ఆలస్యమైనా ఎండుతాయిలే అనుకున్నాను.

తీరా చూస్తే చేపలు సగం టైములోనే ఎండాయి. మీ సంఘంలోని బేబీరాణి "అన్నా, నీ చెయ్యి పడితే చాలు, ఏక్‌దమ్ కొత్త మిషన్ అయిపోనాది" అంది. ఆ పొగడ్తకు ఉబ్బిపోయాను. ఎందుకిలా అయిందని ఆలోచించలేదు.

పోయిన నెల చిట్టితల్లి కరెంటు పాఠం లెక్కలు చేసుకుంటోంది. సరదాకు మన మిషన్ రేకు మీద ఉన్న అంకెలు చెప్పాను: రెండువందల ముప్పై వోల్టులు, ఐదు ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో భాగించి, తీగ రెసిస్టెన్స్ నలభై ఆరు ఓములు అంది. రెండూ గుణించి, పవర్ పదకొండువందల యాభై వాట్లు అంది. తీగ సగం చేస్తేనో అని అడిగాను. దాని పెన్సిల్ ఆగిపోయింది.

"తీగ ఆధా అయితే రెసిస్టెన్స్ కూడా ఆధా నాన్నా. ఇరవై మూడే. అప్పుడు కరెంటు పది ఆంపియర్లు లాగుతాది. వాట్లు రెండువేల మూడువందలు. ఆ ప్లగ్గూ వైరూ ఆరు ఆంపియర్లకే కదా, కాలిపోవా?" అంది. నా వైపు తిరిగి, "నువ్వు కోసినావా? మరి అమ్మనెందుకు తిట్టినావు?" అని అడిగింది.

పుస్తకం మూసేసి లోపలికి వెళ్లిపోయింది.

ఇంకొకటి ఉంది. ఇది దానికి కూడా చెప్పలేదు. షెడ్డు అంటుకోవడానికి రెండు రోజుల ముందే ప్లగ్గు ముట్టుకుంటే చుర్రుమంది. ప్లాస్టిక్ మెత్తబడి వాసన వేసింది. దానికి టేపు చుట్టేసి ఊరుకున్నాను. నా రిపేరు బాగోలేదంటారని నీకు కూడా చెప్పలేదు. ఆ ప్లగ్గు పీకబోయే నీ చెయ్యి కాలింది. షెడ్డు బూడిదయ్యాక అందరి ముందూ "వదిలేసి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు" అని అరిచింది నేను. ఒక్కసారి కూడా చెప్పలేదు, కామమ్మా. ఆ మాట అప్పుడే పుట్టించాను. దాన్ని పట్టుకునే సంఘం నిన్ను తీసేసింది. నెల తిరక్కముందే నువ్వు పుట్టింటికని షిప్ ఎక్కావు.

నీ ఉత్తరం వచ్చిన రోజున చిట్టితల్లి "అమ్మకి నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అంది. నిన్న సంఘం మీటింగుకు వెళ్లి లెక్కతో సహా, టేపు సంగతితో సహా చెప్పేశాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

బేబీరాణి ముక్కు చీదుకుని, "పోనీలే అన్నా, తెలీక చేసినావు. మగోడివై ఉండి అందరి ముందు ఒప్పుకున్నావు, అదే బడీ బాత్" అంది. సంఘంలోని కళ టీ పట్టుకొచ్చి చేతికిచ్చింది. కొత్త మిషన్ వస్తే బిగించి పెట్టమని కూడా అడిగారు. నాలుగు నెలలుగా నీకు దొరకని క్షమ నాకు టీ చల్లారేలోపే దొరికింది. నీ పేరు ఒక్కరూ ఎత్తలేదు. గుమ్మం దగ్గర నిలబడి చిట్టితల్లి అంతా చూసింది.

నేను కోసేసిన సగం తీగ ఇన్నాళ్లూ స్పానర్ల డబ్బాలో దాచాను. ఈ కవరులో పెట్టాను. ఎవరికి చూపిస్తావో నీ ఇష్టం. రమ్మని అడగను.

ఒక్కటి మిగిలింది. నీ పేరు ఎత్తనివాళ్లు ఇచ్చిన ఆ టీని నేను తాగేశాను.

ఇట్లు,
చిట్టితల్లి నాన్న,
అప్పలరాముడు.