వెనక పలక ఎక్కడ కుళ్లింది?

నేరేడ్‌మెట్, సికింద్రాబాద్
మార్చి 22, ఆదివారం

చిరంజీవి భానుప్రియకు,

నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఆవిడకి మోకాలి నొప్పి, నాకు నోటి దురుసు తగ్గలేదు గానీ మిగతా అంతా క్షేమమే. కాకినాడలో నువ్వూ, నీ హాస్టల్ అమ్మాయిలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న సోమవారం అందింది. ఆరు నెలల తర్వాత నువ్వు నాతో మాట్లాడిన మొదటి మాటలు అవి. పైన ఒక్కసారి ‘నాన్నా’ అని, కింద మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన పడవ రిపేరు గురించి నాలుగు ప్రశ్నలు, పక్కన ఒకటి రెండు సలహాలు. అంతే. అయినా నాలుగైదు సార్లు చదువుకున్నాను. మీ అమ్మ ఫోన్ చెయ్యమంది. ఫోన్‌లో అయితే రెండో నిమిషానికి నేను అరుస్తాను, మూడో నిమిషానికి నువ్వు పెట్టేస్తావు. కాగితం మీద అరవడం కొంచెం కష్టం కాబట్టి కాగితమే తీసుకున్నాను.

లోపలి నుంచి కోశావా, బయటి నుంచా అని అడిగావు. లోపలి నుంచే. మోటారు బిగించే ఆ వెనక పలకకి బయటి ఫైబర్ పొరే ఆకారం కదా, దాన్ని ముట్టుకోలేదు. మన బోయిగూడ వడ్రంగి చారి తన గ్రైండర్ ఇచ్చాడు. మనిషిని కూడా పంపుతానన్నాడు, నేనే వద్దన్నాను. నా పడవ నేనే బాగు చేసుకుంటానని పంతం. ముక్కుకి గుడ్డ కట్టుకుని, లోపలి పొరని చుట్టూ కోసి తలుపు రెక్కలా ఊడదీశాను. ఆ ఫైబర్ పొడి దురద మూడు రోజులు వదల్లేదు. మీ అమ్మ నా బట్టలు వేరే బకెట్లో నానబెట్టి, నన్ను కూడా అందులోనే నానబెడతానంది.

బాగా ఆరనిచ్చావా అన్నది నీ రెండో ప్రశ్న. రెండు ఫైబర్ పొరల మధ్య ఉన్న పాత ప్లైవుడ్ అంతా ఉలితో గీకి తీసేశాక పన్నెండు రోజులు ఎండబెట్టాను. పొద్దున టార్పాలిన్ తీయడం, సాయంత్రం కప్పడం. నాకు ఓపిక లేదని నువ్వు రాసిన మాట నిజమే, అయినా ఆ పన్నెండు రోజులూ ఓపిక పట్టాను.

మూడోది, కొత్త చెక్క ఎంత మందం, ఎలా అంటించావు అని. బోయిగూడ డిపోలో మెరైన్ ప్లై తీసుకున్నాను. పద్దెనిమిది ఎంఎం ముక్కలు రెండు, ఒకదాని మీద ఒకటి. ముందు మన ఫ్రిజ్ అట్టపెట్టెతో కొలత కోసుకుని, అది సరిగ్గా కూర్చున్నాకే చెక్క మీద రంపం పెట్టాను. ఇక్కడిదాకా బాగానే ఉంది. అంటించే రెజిన్ కలిపేటప్పుడు మాత్రం, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌ని కొలవకుండా కంటి అందాజాగా పోశాను. ఎండ మండిపోతోంది. నేను బ్రష్ వెతుక్కునేలోపు, దాన్ని కలిపిన స్నానాల మగ్గు పొగలు కక్కి, వంకరపోయి, రాయిలా బిగుసుకుంది. మీ అమ్మ పరిగెత్తుకొచ్చి, “ఏటండీ ఆ పొగ? ఇల్లు తగలెట్టేత్తారేటి?” అని వీధంతా వినపడేలా అడిగింది. రెండోసారి దగ్గుమందు మూతతో కొలిచి పోశాను. చారి దగ్గర తెచ్చిన క్లాంపులు ఎనిమిది బిగించి ఒక రోజంతా వదిలేశాను. తర్వాత మూలల్లో రెజిన్ ముద్ద మెత్తి, నాలుగు పొరలు ఫైబర్ మ్యాట్ వేశాను. ఇప్పుడు దాని మీద ఎక్కి నిలబడినా కిర్రుమనడం లేదు.

ఇక నాలుగో ప్రశ్న. దాని కింద నువ్వు గీత కూడా గీశావు. ‘కుళ్లు ఎక్కడ మొదలైందో చూశావా?’

చూశాను తల్లీ. మిగతా మూడింటికీ అంత వివరంగా రాసింది ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి భయపడే.

పోయిన వినాయక నిమజ్జనం నాడు చెరువు మధ్యలో నువ్వు మోటారు స్పీడు పెంచగానే వెనక పలక చీలి, మోటారు నీళ్లలోకి ఒరిగి తాడు మీద వేలాడింది. నువ్వు కంగారు పడలేదు. ముందు మోటారు ఆపావు, పడవలో ఉన్న చారినీ మిగతా ఇద్దరినీ కదలకుండా కూర్చోబెట్టావు, తెడ్డు వేసుకుంటూ గట్టుకి తెచ్చావు. ఆ పని నేను చేసుంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. నేనేం చేశాను? గట్టు మీద చెరువు కమిటీ వాళ్లు, టీ కొట్టు దగ్గర జనం, అందరి ముందూ అరిచాను. వెనక పలక అడుగున బిరడా తియ్యకుండా వాన నీళ్లు నిలవబెట్టి పడవని కుళ్లబెట్టావన్నాను. నీ చేతికి పడవ ఇవ్వడమే నా బుద్ధితక్కువ అన్నాను. బిరడా తియ్యకుండా ఎప్పుడూ ఉండలేదని నువ్వు చెప్పబోయావు. చెప్పనివ్వలేదు. తెడ్డు నా కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయావు. నెల తిరక్కుండా కాకినాడ యార్డులో ఉద్యోగం చూసుకున్నావు.

లోపలి పొర ఊడదీసిన రోజు నేను ముందుగా చూసింది ఆ బిరడా బెజ్జం దగ్గరే. నా మాట నిజమని చూసుకోవాలని ఆత్రం. అక్కడ చెక్క పొడిగా, గట్టిగా ఉంది. ఉలి దిగడానికే మొరాయించింది. నీళ్లు చొరకుండా బెజ్జం అంచుల నిండా నువ్వు మెత్తిన సీలెంట్ అలాగే ఉంది. కుళ్లు పైన ఉంది. మోటారు పక్కన, వరసగా ఆరు నల్ల మచ్చలు. ఒక్కో మచ్చ నుంచి కిందికి జారి, నడుమ అంతా తడిసిన టీ పొడిలా చేతిలోకి వచ్చేసింది. మచ్చ మచ్చకీ ఒక మేకు.

ఆ మేకులు నేను కొట్టినవి.

నీకు గుర్తుండే ఉంటుంది. ఏటా దసరాకి ఆయుధ పూజ చేసి, పడవకి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయా పచ్చిమిరపకాయల దండ కట్టేవాణ్ణి. కట్టడానికి ఒక మేకు. ఏడాది తిరిగేసరికి అది తుప్పుపట్టి తల ఊడిపోయేది. దాని మీద ఇంత రంగు పూసి, పక్కనే ఇంకోటి కొట్టేవాణ్ణి. రెండో ఏడు నువ్వన్నావు, “నాన్నా, మోటారు హ్యాండిల్‌కి దారంతో కట్టొచ్చు కదా, ఫైబర్‌కి చిల్లు దేనికి?” అని. దిష్టి మోటారుకి కాదు, పడవకి తగులుతుందని నేను పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. అలా ఆరేళ్లు నా చేత్తోనే, పూజ చేసి మరీ, చెక్కలోకి నీళ్లకి దారి వేశాను.

ఇంతకన్నా సిగ్గుపడే మాట ఇంకోటుంది. ఆ రోజు మీ అమ్మ వచ్చి, “ఏటి, బిరడా కాడేనా కుళ్లింది?” అని అడిగింది. అవునన్నాను. మేకుల్ని పాత రంగు డబ్బాలో దాచేశాను. నిజం నా చేతిలో పెట్టుకుని మూడు వారాల పాటు నిన్నే దోషిగా ఉంచాను. నీ ఉత్తరం రాకపోతే ఇంకెన్నాళ్లు ఉంచేవాణ్ణో నాకే తెలియదు.

సోమవారం నీ ఉత్తరం చదివాక డబ్బా తెచ్చి మీ అమ్మ ముందు పెట్టాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మేకుల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసి, “నా పిల్లది ఏ తప్పూ నేకుండానే ఇల్లు దాటించీసినారు గదండీ,” అంది. ఆ తర్వాత రెండు రోజులు నాకు అన్నం పెట్టింది గానీ మాట కలపలేదు. నాకు ఆ శిక్ష కూడా చాలదు.

నిన్ను అన్నది నలుగురిలో. కాబట్టి ఇవాళ పొద్దున ఆ డబ్బా పట్టుకుని చెరువు గేటు దగ్గర టీ కొట్టుకే వెళ్లాను. ఆదివారం కదా, ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. చారి చూసి, “ఏందన్నా, పొద్దుగాల్నే మేకులు వట్టుకొచ్చినవ్?” అన్నాడు. మేకులు బల్ల మీద పోసి, జరిగింది అందరికీ చెప్పాను. అరవడానికి ఏనాడూ తడుముకోని నేను, తప్పయిందని చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

చారి ఊరుకోలేదు. “గా దినం పిల్ల మొఖం నేను జూసిన అన్నా. మమ్మల్ని ఒడ్డుకు దెచ్చిన పిల్లను గన్ని మాటలంటివి. మాకు జెప్తివి సరే, పిల్లకు జెప్పినవా?” అన్నాడు.

“ఇంకా లేదు.”

“మరి గీడ ఏం జేస్తున్నవ్? మాకు జెప్తే ఏమొస్తది? ఇంటికి వోయి ముందుగాల పిల్లకు రాయి.”

అందుకని టీ కూడా పూర్తిగా తాగకుండా వచ్చి ఇది రాస్తున్నాను. తప్పు నాదే అమ్మా. పడవని కుళ్లబెట్టింది నేను, నిందించింది నిన్ను. నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

జూన్‌లో గుర్రపుడెక్క తీసే పని మొదలవుతుంది. పడవ ఎవరు నడుపుతారని కమిటీ వాళ్లు అడిగారు. మా అమ్మాయి ఒప్పుకుంటే ఆమె, లేకపోతే నేను అన్నాను. నీకు అక్కడి పని నచ్చితే అక్కడే ఉండు. నాకోసం మానుకోవద్దు. కొత్త పలకకి మోటారు బోల్టుల బెజ్జాలు మాత్రం ఇంకా వెయ్యలేదు. మీ యార్డు పద్ధతి నువ్వు రాశావు కదా, ముందు పెద్ద బెజ్జం వేసి, రెజిన్‌తో నింపి, గట్టిపడ్డాక దానిలో చిన్నది వెయ్యాలని. ఆ నాలుగు బెజ్జాలూ నీ చేత్తో పడితే బాగుండునని ఆపాను. నీకు రావాలని లేకపోతే అలాగే రాయి, నువ్వు చెప్పిన పద్ధతిలోనే నేను వేసుకుంటాను. దసరాకి దండ మోటారు హ్యాండిల్‌కే, దారంతో.

ఆరు మేకుల్లో ఐదు చారి తీసుకెళ్లి పారేశాడు. ఆరోది కాగితంలో చుట్టి ఈ కవరులో పెట్టాను, తీసేటప్పుడు వేలికి గుచ్చుకోకుండా చూసుకో. దాన్ని నీ దగ్గరే దాచుకో. ఇకముందు ఎప్పుడైనా నేను నీ మీద గొంతు పెంచితే, నువ్వేమీ అనక్కర్లేదు. అది తీసి నా ముందు పెట్టు.

ఇట్లు,
నిన్ను అందరి ముందూ అన్న మాటని అందరి ముందూ వెనక్కి తీసుకున్న
మీ నాన్న
సన్యాసిరాజు