హ్యాంగర్ రెండులో చొక్కా తోకలు

14 మార్చి 2019, గురువారం

యూనివర్సిటీ నుంచి ఉత్తరం. దళసరి కాగితం. దళసరి కాగితం మీద మంచి వార్త రాగా ఈ ఎనభై ఒక్క ఏళ్లలో చూడలేదు.

విమానాశ్రయం మూసెయ్యరట. అందులో ఎగరడం నేర్పే బడి మాత్రం మూసేస్తారట. పాఠాలు చెప్పడానికే పుట్టిన యూనివర్సిటీకి సొంత రన్‌వే మీద పాఠాలు బరువయ్యాయి. యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారాల్లో సొంత జెట్‌లు వేసుకుని దిగే దాతలు మాత్రం బరువు కారు. విమానాలుంచే షెడ్డు, హ్యాంగర్ రెండులో మా పాఠాల గది వాళ్లకు లౌంజ్ అవుతుంది. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో తోలు సోఫాలు. ముప్పై ఏడేళ్లు ఆ గదిలో నిలబడి చెప్పాను, కూర్చోవడానికి చెక్క స్టూలు అడిగితే బడ్జెట్ లేదన్నారు.

అదే రోజు, సాయంత్రం 6

గోడ ఏమవుతుందో ఉత్తరంలో లేదు. రెండుసార్లు చదివాను.

ఆ గోడ మీద నాలుగు వందల పన్నెండు చొక్కా తోకలున్నాయి. రేడియోలు లేని రోజుల్లో నేర్పేవాడు వెనక సీట్లో కూర్చుని, ముందున్న శిష్యుడి చొక్కా వెనక అంచు పట్టుకుని లాగేవాడు. ఎడమకు తిప్పు, ముక్కు పైకెత్తు, ఒరే చచ్చాం. అన్నిటికీ లాగుడే. శిష్యుడు మొదటిసారి ఒంటరిగా ఎగిరి మూడుసార్లు క్షేమంగా దిగితే, ఇక వెనకనుంచి లాగేవాళ్లు అక్కర్లేదని ఆ అంచు కత్తిరిస్తాం. పేరు, తేదీ, నేర్పినవాళ్ల సంతకం. గోడకు ఒక మేకు. మూడంటే మూడే. ఒక్కసారి ఎవడైనా దిగుతాడు, భూమి ఎలాగూ కిందే ఉంటుంది.

మూడో వరుసలో, కిటికీ పక్కన, పసుపు గళ్ల ముక్క. జూడిత్. 8 జూన్ 1986. నా కూతురు, పదిహేడేళ్లది. కొత్త చొక్కా. నా దర్జీ కత్తెరతో నేనే కత్తిరించాను, అంచు రంపంలా కోసే కత్తెర. కొత్తదాన్ని పాడుచేశావని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. జూడిత్ పోయి ఆరేళ్లయింది. ఆస్పత్రివాళ్లు ఒక సంచి ఇచ్చారు, అందులో వాచీ, చెప్పులు. అది ఒకప్పుడు గాల్లో ఒంటరిగా ఉందనడానికి ఈ ముక్క ఒక్కటే మిగిలింది.

బడిని మూసుకోనీ, సోఫాలు వేసుకోనీ. నాకు ఆ ముక్క కావాలి.

17 మార్చి, ఆదివారం

కొరీన్ భోజనానికి వచ్చింది. జూడిత్ కూతురు, నా మనవరాలు. యూనివర్సిటీ వార్తల ఆఫీసులో ప్రెస్ నోట్లు రాస్తుంది. గోడకేం భయం లేదు అమ్మమ్మా, మొత్తం లైబ్రరీ భద్రం చేస్తుంది, నోట్ నేనే రాశాను, చూడు అంది. చూశాను. ప్రతి ముక్కనీ ఎంతో శ్రద్ధతో భద్రపరుస్తారు అని ఉంది. ఈ ఎంతో శ్రద్ధ నీదా వాళ్లదా అన్నాను. నీకు అన్నిట్లోనూ ముల్లే కనబడుతుంది అంది. మీ అమ్మ ముక్క ముందే తెచ్చిపెట్టవే అన్నాను. విడిగా ఒక్కటి ఇవ్వరట, జాబితా తయారయ్యాక దరఖాస్తు పెట్టుకోవాలట.

తల్లి చొక్కాకి దరఖాస్తు. ఓవెన్‌లో మాంసం మాడింది. మాడిందే ఇద్దరం తిన్నాం.

18 మార్చి, సోమవారం

సుత్తి పట్టుకుని వెళ్లాను. తలుపుకు కొత్త తాళం, అంకెలు నొక్కేది. మెకానిక్ వెండెల్‌కు కూడా ఆ అంకెలు చెప్పలేదు. నలభై ఏళ్లుగా అక్కడ ఇంజన్లు విప్పుతున్నవాడు. వాడి తోక కూడా ఆ గోడ మీదే ఉంది, నీలిది, గ్రీజు మరకతో. ఇంటికి పదండి టీచర్, సుత్తి చేతిలో చూస్తే పోలీసుల్ని పిలుస్తారు అన్నాడు. పిలవనీ అన్నాను. వాడే కారులో దింపాడు.

2 మే

వెండెల్ ఫోన్. గోడ ఖాళీ. మూడు అట్టపెట్టెలు వ్యాన్‌లో ఎక్కించారట. ఎక్కడికి బాబూ అని అడిగితే, కాగితంలో ఎక్కడ రాసుంటే అక్కడికి అన్నారట.

23 మే

లైబ్రరీకి ఉత్తరం రాశాను.

18 జూన్

లైబ్రరీ జవాబు. అలాంటి పెట్టెలేవీ అందలేదు, సామాన్ల శాఖను అడగండి.

30 జూలై

సామాన్ల శాఖ జవాబు. లైబ్రరీని అడగండి.

5 సెప్టెంబర్, గురువారం

వెండెల్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చావు కబురు తెచ్చినవాడిలా గుమ్మంలోనే నిలబడ్డాడు. ముందు కూర్చోండి టీచర్ అన్నాడు. నువ్వు నాకు కుర్చీ వెయ్యకు, చెప్పు అన్నాను.

మా యూనివర్సిటీ ఏదీ పారెయ్యదు. దానికి ఈ ఏడాది బహుమతి కూడా వచ్చింది, పత్రికలో ఫొటో వేశారు. పాత దుప్పట్లు, హాస్టల్ కర్టెన్లు, విరాళమొచ్చిన టీషర్టులు, అన్నీ సామాన్ల శాఖకు పోతాయి. అక్కడ మిషన్ మీద అరచేతి సైజుకు కోసి, మూటలు కట్టి, యూనివర్సిటీ వర్క్‌షాపులన్నిటికీ తుడుపు గుడ్డలుగా పంచుతారు. పెట్టెల మీద ఎవడో పాత నూలు గుడ్డలు అని రాశాడు. అబద్ధం కూడా కాదు.

సోమవారం వెండెల్‌కు కొత్త మూట వచ్చింది. చూడకుండానే రెండు ముక్కలతో ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల తుడిచాను టీచర్, మూడోది పసుపు గళ్లది అన్నాడు.

మూడుసార్లు ఉతికి తెచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. పేరులో సగం ఉంది. తేదీలో 8 ఉంది. నా సంతకంలో చివరి అక్షరం ఉంది. మిగతా సగం ఎక్కడ ఏ పైపు తుడుస్తోందో. మూటలన్నీ విప్పితే మొత్తం పంతొమ్మిది ముక్కలు దొరికాయట.

ఇంకా ఆయిల్ వాసన వస్తోంది. జూడిత్‌కు ఆ వాసన ఇష్టంగానే ఉండేది.

6 సెప్టెంబర్

కొరీన్‌ను పిలిచి ముక్క చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. రాసినప్పుడు నిజమనుకునే రాశాను అమ్మమ్మా అంది. కనుక్కున్నావా అన్నాను. నా పని రాయడం, కనుక్కోవడం కాదు అంది. అని తనే ఆ మాట విన్నట్టుంది, తల తిప్పుకుంది.

ఇక ముక్క అడగను. పోగొట్టాం అని ఒక్క వాక్యం కావాలి, సంతకంతో. అది నువ్వు రాయించు అన్నాను. అక్టోబర్‌లో లౌంజ్ ప్రారంభం, అదయ్యాక చూద్దాం అంది.

27 సెప్టెంబర్, శుక్రవారం

వైస్ ప్రెసిడెంట్ గ్రేడన్ పైక్ స్వయంగా ఫోన్ చేశాడు. గొంతులో తేనె, దాని వెనక తొందర. మీరు మా నడిచే చరిత్ర మిసెస్ టోలెఫ్సన్, లౌంజ్ రిబ్బన్ మీ చేతులతోనే కత్తిరించాలి అన్నాడు. ఒక్క వాక్యం సంగతేమైంది అన్నాను. దాన్ని కమిటీ చూస్తోంది, ఆ రోజు మాత్రం అందరం సంతోషంగా ఉందాం అన్నాడు.

వస్తానన్నాను. కత్తెర నాదే తెచ్చుకుంటానన్నాను. ఎంత ముచ్చటగా ఉంది అన్నాడు.

12 అక్టోబర్, శనివారం, ఉదయం 7

కత్తెరకు నిన్న సాన పట్టించాను.

అదే రోజు, మధ్యాహ్నం 3

తోలు సోఫాలు. రొయ్యలు. ఈ ఊరి నుంచి సముద్రం ఏ దిక్కున చూసినా వెయ్యి మైళ్లు. కిటికీ బయట పదకొండు జెట్‌లు. మా గోడ ఉన్నచోట మా గోడ ఫొటో, ఈ చివరి నుంచి ఆ చివరికి, అద్దం బిగించి, కింద దీపాలు. మూడో వరుసలో కిటికీ పక్కన పసుపు గళ్లు. మెరిసే కాగితం మీద. వేలితో తాకితే చల్లగా తగిలింది. పక్కనే ఒక దాత భార్య, అబ్బ ఎంత అందంగా ఉందో, అసలైనవి ఎక్కడున్నాయి అని అడిగింది. పైక్, లైబ్రరీలో అన్నాడు. నా ఎదురుగా. కొరీన్ ఎదురుగా. అది రొయ్యల పళ్లెం వైపు చూస్తోంది.

ఆట రోజు కదా, పైక్ మా జట్టు ఎరుపు చొక్కా వేసుకొచ్చాడు, ప్యాంటు పైకి వదిలేసి. మైకు ముందు వారసత్వం అన్నాడు, రెక్కలు అన్నాడు, కలలు అన్నాడు. నేను రిబ్బన్ పట్టుకుని అతని వెనకే నిలబడ్డాను, నిలబెట్టింది వాళ్లే. రిబ్బన్ వదిలేశాను. చొక్కా అంచు పట్టుకుని చర్రున కోశాను. వందలసార్లు చేసిన పని. అతను ఇంకో రెండు వాక్యాలు మాట్లాడాడు. తర్వాత వీపుకు గాలి తగిలినట్టుంది.

ఇవాళ్టి నుంచి మిమ్మల్ని వెనకనుంచి లాగేవాళ్లెవరూ లేరు, అభినందనలు అన్నాను. ఒక దాత చప్పట్లు కొట్టాడు, కార్యక్రమంలో భాగమనుకుని. ఇంకో పదిమంది కొట్టారు. రిబ్బన్ అలాగే ఉంది. వెండెల్ కారు తెచ్చాడు. దారంతా నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

14 అక్టోబర్, సోమవారం

పత్రికలో యూనివర్సిటీ ప్రకటన. ఆమెకు వయసు వల్ల కలిగిన అయోమయాన్ని అర్థం చేసుకుంటున్నాం, ఆమె సేవల జ్ఞాపకాన్ని ఎంతో శ్రద్ధతో భద్రపరుస్తాం.

ఎంతో శ్రద్ధతో. పేరు వెయ్యకపోయినా ఎవరు రాశారో తెలుసు. దాని చేతికి పెన్సిల్ ఇచ్చి అక్షరాలు దిద్దించింది నేనే.

15 అక్టోబర్

పచారీ కొట్లో అమ్మాయి నాతో గట్టిగా, నెమ్మదిగా మాట్లాడింది. నాలుగుసార్లు అడిగింది, ఇంటికి దారి తెలుసా అని.

20 అక్టోబర్, ఆదివారం

కొరీన్ వచ్చింది. ఉద్యోగం మానేశాను అంది. నా వైపు వీపు తిప్పి, చొక్కా వెనక అంచు బయటకు లాగి నిలబడింది. పసుపుది.

ఆ ప్రకటన రాసింది నువ్వేనని, అది అబద్ధమని, పత్రికకు నీ పేరుతో రాశావా అన్నాను. లేదంది. అసలైనవి లైబ్రరీలో లేవని ఆ దాతలకు చెప్పావా అన్నాను. లేదంది.

మూడుసార్లు దిగాలి, ఉద్యోగం మానడం ఒకటి అన్నాను.

చొక్కా లోపలికి దోపుకుంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితం అడిగింది. పల్చటిదే ఇచ్చాను. కత్తెర బల్ల మీద పెట్టాను, దానికి కనిపించేలా.