గోనెలో నాన్న డప్పు

గాజువాక,
ఆదివారం

అన్నయ్యకీ వదినకీ సత్తిబాబు నమస్కారాలు. నేను ఇక్కడ కులాసా. వదినకి దగ్గు తగ్గిందా? పిల్లలు బడి ఎగ్గొట్టడం లేదు కదా? నా గురించి బెంగ పెట్టుకోకండి, వేళకి తింటున్నాను. ఇక్కడ బియ్యం లావు, నీళ్ళు ఉప్పన, ఒంటిమీద చెమట ఆరదు, అంతే. స్టీలు ప్లాంటు కట్టే చోట రేకులు మోసే గ్యాంగులో ఉన్నాను. భుజాలు కాయలు కాశాయిగానీ బాగానే ఉన్నాను.

అసలు సంగతి రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. నువ్వు బస్సు దగ్గర గోనెలో కట్టిచ్చిన నాన్న డప్పు సంగతి. "వారానికోసారి మంట మీద కాచి కొట్టరా, లేకపోతే గొంతు పోద్ది" అన్నావు. తిట్టకు, వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారీ విప్పలేదు. మంచం కిందకి తోసేశాను. అది చూస్తే మనం ఏ పేటవాళ్ళమో ఎవరూ అడగక్కర్లేదు కదా. గది ఇచ్చినాయన ఊరు అడిగాడు, కులం అడగలేదు. అడగనిదానికి నేనెందుకు చెప్పాలి?

పక్క గదిలో అప్పన్న అని ఉన్నాడు. సబ్బవరం దగ్గర గొర్రెలు కాసుకునే ఇంటివాడు, పని నాతోనే. మొదటి రోజు నుంచే బావా అంటాడు, చేపల కూర తెచ్చిపెడతాడు. చుట్టమా పక్కమా, ఇంత ప్రేమేమిటి? నాకు అప్పుడే అనుమానం. ఓసారి వంగి చూసి "ఆ గోనెలో ఏటుంది బావా?" అన్నాడు. చేట అన్నాను.

"సేటా? ఒంటోడివి, సేటతో ఏటి సేత్తావ్?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆదివారం సాయంత్రం మా లైను ఇళ్ళ వెనక ఖాళీ జాగాలో అందరూ వాయిద్యాలు తెచ్చుకుంటారు. కేరళ వెల్డరు చెండ, పంజాబు లారీ డ్రైవరు ఢోలక్కు, అప్పన్న గుండెకి రేకు తప్పెట కట్టుకుని రెండు చేతులా దరువు. పోయిన నెల ఓడ దిగి ఒక ఆఫ్రికా నావికుడు కూడా వచ్చాడు, మోకాళ్ళ మధ్య పొడుగు డోలు పెట్టుకుని ఒట్టి చేతులతో వాయించాడు. అందరూ అతని తోలుని తడిమి తడిమి మెచ్చుకున్నారు. నేను గోడకి ఆనుకుని చూశాను. ఆ డోలు కూడా తోలుదే కదా అన్నయ్యా, అతన్ని ఎవరూ ఏ పేట అని అడగలేదు.

కుళాయి వచ్చే వేళకి నేను పనిలో ఉంటే, తనకి పని లేని రోజుల్లో బిందె పట్టి పెట్టడానికి అప్పన్న దగ్గర నా తాళంచెవి ఒకటి ఉంది. పోయిన మంగళవారం వచ్చి చూస్తే గోనె ముడి మారిపోయింది. నువ్వు వేసింది రెండు చుట్లు, ఇది ఒక్క చుట్టే. గోనెని మంచం కింద ఇంకా లోపలికి తోసేశాను.

మర్నాడు మలుపులో టీ కొట్టువాడు నాకిచ్చిన గ్లాసు అంచు కాస్త విరిగి ఉంది. ఆ మర్నాడూ అదే గ్లాసు. మన ఊళ్ళో హోటలు చూరుకి మన గ్లాసులు విడిగా వేలాడేవి చూడు, అవే కళ్ళముందు ఆడాయి. వీడు చెప్పేశాడు, నాకు వేరే పెట్టేశారు అనుకున్నాను.

నిన్న ఆగలేక అడిగేశాను. "నా గోనె విప్పింది నువ్వేనా?"

"నానే," అన్నాడు తడుముకోకుండా. "బూజు కంపు కొడతంది బావా. సముద్రం గాలికి తోలు సెడిపోదేటి? ఎండలో ఎట్టి మళ్ళీ కట్టేసినాను."

"ఎవరెవరికి చెప్పావు?"

"నాను సెప్పేదేటుంది? కూడు తిన్నాక మళ్ళీ బెల్లు కొట్టేదాకా రేకు మీద రెండు పుల్లలతో వాయిత్తావు కదా. కుడిసేత లావుది, ఎడంసేత సన్నది, అచ్చం డప్పు కొట్టినట్టు. నువ్వొచ్చిన వారానికే లైనంతా తెలుసు."

సిగ్గుతో చచ్చిపోయాననుకో. గోనె దాచానుగానీ చేతులు దాచుకోలేకపోయాను.

ఇవాళ ఎండుగడ్డి మంట వేసి కాచాను. ఒక పక్క అతుకు లేచింది, గొంతు కాస్త బొంగురు పోయింది, అయినా పలికింది. నాన్న దరువే వేశాను. చెండ అందుకుంది, తప్పెట అందుకుంది. నేను మాత్రం కొట్టినంతసేపూ వాళ్ళ మొహాలే చూస్తున్నాను. తర్వాత మలుపులో కొట్టువాడు టీ అక్కడికే తెచ్చాడు. నాకు మళ్ళీ ఆ విరిగిన గ్లాసే. తాగి కింద పెట్టి, కదలకుండా కూర్చున్నాను. కొట్టువాడు దాన్ని బకెట్లో ముంచి తీసి, టీ పోసి అప్పన్నకిచ్చాడు. అప్పన్న ఆఖరి గుక్క దాకా తాగాడు. ఆఖరి గుక్క దాకా నేను చూశాను.

ఒక్క గ్లాసుకే నమ్మేసేంత వెర్రివాణ్ణి కాను. ఏదైనా తేడా వస్తే రాస్తాను, మీరు బెంగపడకండి. అతుకు వేసుకోవాలి, ఊరి నుంచి ఎవరైనా వస్తే జిగురుకి చింతగింజల పొడి కాస్త పంపు. ఎడమ చేతి సన్న పుల్ల కూడా ఒకటి, నువ్వే చెక్కింది పంపు.

డప్పుని గోనెలోంచి తీసి మేకుకి తగిలించాను. తలుపు తీస్తే దాని వెనక మరుగున పడే గోడకి. వచ్చినవాళ్ళకి కనపడే ఎదురు గోడకి కూడా ఒక మేకు కొట్టి ఉంచాను.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మీ దీవెన నా మీద ఉండాలి.

నీ తమ్ముడు
సత్తిబాబు